వస్తానండి అన్నందుకు

సోమవారం

వకీలు జకరయ్య గారు రాసుకోమన్నారు, రాస్తున్నాను. "వాళ్ళ దగ్గర వాళ్ళ రికార్డుంది రత్నమ్మా, మన దగ్గర మనదొకటి ఉండాలి" అన్నారు. నా పేరు మైలపల్లి నూకరత్నం. కొత్తరేవులో ఐసు బండి తోలుతాను. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటుంది. నిజమే. దానికి నేనేం సిగ్గుపడను.

ఇవాళ పొద్దున్న కట్ట మీద మా తాతబ్బాయి బావను బండిలోంచి దింపి పట్టుకుపోయారు. బావంటే మా అక్క వీరవేణి మొగుడు. ఫ్యాక్టరీలో దిమ్మలు ఎక్కించేదీ, రేవులో దించేదీ ఆయనే. తోలడం నా వంతు. అంత నెమ్మదైన మనిషి ఈ తీరం పొడుగునా ఇంకొకడు ఉండడు. కోడిపిల్ల అడ్డొస్తే దానికి కూడా "తప్పుకోండమ్మా" అంటాడు.

ఎప్పటిలాగే దిమ్మల మీద ఊక చల్లి, గోనెలు కప్పి బయల్దేరాం. ఎండ ముదరకముందు ఐసు రేవుకి చేరకపోతే నీళ్ళు మోసుకెళ్ళినట్టే. పాత ఊరు సముద్రంలో కలిసిపోయాక మాకున్నది ఈ కట్ట మీది రోడ్డొక్కటే. రెండో తనిఖీ స్తంభం దగ్గర సర్కారు తూనీగ, ఆ ఎగిరే యంత్రం, వచ్చి బండి అద్దం మీద వాలింది. అది వాలిందంటే మోటారు దానంతటదే ఆగిపోతుంది. మనం ఎంత నొక్కినా కదలదు. అప్పుడు స్తంభంలోంచి గొంతొస్తుంది. తేనె పూసినట్టుండే ఆడగొంతు. ఊళ్ళో అందరం దాన్ని మర్యాదమ్మ అంటాం.

"శుభోదయమండి. బండి తెరిచి చూడవచ్చాండి?"

"ఆయ్" అన్నాడు బావ.

మా వైపు ఆయ్ అంటే వింటున్నాను చెప్పండి అని. పిలిచినా ఆయ్, తిట్టినా ఆయ్. మర్యాదమ్మకి మాత్రం ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు. స్తంభం ఇనప చెయ్యి సాచి గోనెలన్నీ లాగి పారేసింది. ఐసు మీద ఎండ పడి పొగలొస్తుంటే నేను చూస్తూ కూర్చున్నాను. రోజూ ఉండేదే కదా అనుకున్నాను.

"తాతబ్బాయి గారూ, ఈ స్తంభానికి తిరిగి వస్తానని మీరు పలుమార్లు మాట ఇచ్చి రాలేదండి. మాట తప్పిన నేరం కింద మిమ్మల్ని ఆపుతున్నామండి."

బావ నా మొహంలోకి చూశాడు, నేను బావ మొహంలోకి చూశాను. "నేనెప్పుడండి మాటిచ్చింది?" అన్నాడు స్తంభంతో. పక్క గదిలోంచి హెడ్డు పళ్ళంరాజు వచ్చి బావ మోచెయ్యి పట్టుకున్నాడు. పళ్ళంరాజు మా ఊరివాడే, మా ఇంట్లో భోంచేసినవాడే. తల ఎత్తలేదు.

జీపెక్కుతూ బావ వెనక్కి తిరిగాడు. "రత్నం, ఐసు కరిగిపోద్ది, నువ్వెల్లు. అక్కకి సెప్పు, వత్తానని."

"నమోదైందండి" అంది మర్యాదమ్మ.

మంగళవారం

జకరయ్య గారు ఠాణాకి వెళ్ళి రికార్డు నకలు తెచ్చారు. మా ఇంటి అరుగు మీద కూర్చుని వినిపించారు. అన్నీ బావ మాటలే. ఒక్కో రోజూ తనిఖీ అయ్యాక, తూనీగ ఇంకా లేవకముందే ఆయన స్తంభంతో అన్న మాటలు.

"ఉంటానండి, వత్తానండి."

"ఎండెక్కువగా ఉంది, జాగర్తండి. వత్తానండి."

"పండగ పూట కూడా డూటీయేనా అండి? పాపం. వత్తానమ్మా."

ముందు నాకు నవ్వొచ్చింది. ఇనప స్తంభాన్ని జాగ్రత్తగా ఉండమన్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు. తర్వాత జకరయ్య గారి మొహం చూసి నవ్వు ఆగిపోయింది.

ఆయన విడమరిచి చెప్పారు. దారిమాట చట్టం అని ఒకటుంది. తూనీగ వాలినప్పటి నుంచి లేచేదాకా మనం ఏ మాటన్నా అది సర్కారుకి ఇచ్చిన వాంగ్మూలం. వస్తాను అన్నావా, వస్తానని ప్రమాణం చేసినట్టు. రాకపోతే తప్పించుకు తిరుగుతున్నట్టు. కొత్త చట్టమేం కాదు. కట్ట తెగిన ఏడాది, ఎవరు ఎటు వెళ్ళారో తెలిస్తే పడవలు పంపవచ్చని పెట్టారు. అప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం కూడా. నీళ్ళు తీసిపోయాయి గానీ తూనీగలు పోలేదు. మొన్నటిదాకా ఆ మాటల్ని వినేవాళ్ళు లేరు. ఇప్పుడు పాతవన్నీ తవ్వి వినే యంత్రం వచ్చిందట.

"మరి నేనండి?" అన్నాను.

"నీది శుభ్రంగా ఉంది రత్నమ్మా" అన్నారు జకరయ్య గారు. "మర్యాద లేని భాష అని రాశారు, అంతే."

ఉండదా మరి? నేను దాన్ని రోజూ నీ మొహం మండ అనే పలకరిస్తాను. ఒక్కనాడు కూడా వస్తానని చెప్పలేదు. నోటికొచ్చినట్టు తిట్టిన దాన్ని నేను ఇంట్లో ఉన్నాను, జాగ్రత్తండి అన్నవాడు లాకప్పులో ఉన్నాడు. ఇదెక్కడి న్యాయమో ఎవరైనా చెబితే వింటాను.

నేరం ఖాయమైతే దారి నిషేధం వేస్తారట. అంటే బావ జన్మలో కట్ట మీద కాలు పెట్టకూడదు. మా వీధి ఉన్నది కట్ట చివర. వేరే తోవ లేదు. పై ఊళ్ళ శిబిరంలో ఎక్కడో పడేస్తారు, అక్కడే ఉండాలి. ఇంటికి రావడమనేది ఇక ఉండదు.

అక్క ఇదంతా చేపలు ఆరబెడుతూ వింది. చివరికి ఒక్కటే అడిగింది. "వత్తానని అనకూడదంటే మరేమనాలంట? పోతన్నాననా?" ఆ మాట నోట్లోంచి వచ్చినందుకు వెంటనే పక్కకి తిరిగి తుపుక్కున ఉమ్మింది. జకరయ్య గారు తల దించుకున్నారు.

బుధవారం

ఒక్కదాన్నే బండి తోలాను, ఒక్కదాన్నే దిమ్మలు దించాను. నడుం పడిపోయింది. రేవులో ఎవరినైనా సాయం అడుగుదామంటే అందరికీ భయం. తాతబ్బాయి సంగతి పొక్కిపోయింది. నిన్నటిదాకా గోల గోలగా ఉండే చేపల రేవు ఇవాళ తద్దినం ఇల్లులా ఉంది. ఒకరినొకరు చూసి తలలూపుకుంటున్నారు, వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపుతున్నారు. మా రేవులో చెయ్యి ఊపడమేంటి?

తిరిగి వస్తుంటే పళ్ళంరాజు స్తంభం గదిలోంచి బయటికొచ్చాడు. తూనీగ లేని చోటికి, కట్ట కిందికి దిగమని కళ్ళతో చెప్పాడు. దిగాను.

"మీ బావకి భోజనం నేనే పట్టుకెళ్తన్నానండి. బాగానే తింటన్నాడు" అన్నాడు.

"నువ్వు ఈ ఊళ్ళో పుట్టినవాడివేనా పళ్ళంరాజూ?"

"అదేంటండి అలాగంటారు."

"మీ అమ్మ ఇంట్లోంచి పంపేటప్పుడు నువ్వేమని బయల్దేరతావు? చెప్పు."

టోపీ తీసి దులుపుకున్నాడు.

"ఆ మాటకి అర్థమేంటో నీకు తెలుసు. నీ పైవాళ్ళకి చెప్పొచ్చుగా. అది మాటివ్వడం కాదండి, సెలవు తీసుకోవడమండి అని ఒక్క ముక్క."

"నేను సెప్పినా అదీ వాంగ్మూలమేనండి" అన్నాడు గొంతు తగ్గించి. "పట్టుకున్నోడే ముద్దాయి తరపున సెప్పాడంటారు. నాకిద్దరు ఆడపిల్లలండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లలున్నవాళ్ళంతా నోరు మూసుకుంటే ఇక నోరెత్తేదెవరు? ఆ మాటే అన్నాను. అతను విని, తల ఊపి, నాకు చెయ్యి ఊపి పైకెక్కిపోయాడు.

గురువారం

ఠాణాలోనే విచారణ. అధికారిణి హైమవతి గారు రాజధాని నుంచి వచ్చారు. చదువుకున్నావిడ, చక్కటి తెలుగు. బావను తీసుకొచ్చి నిలబెట్టారు. నాలుగు రోజులకే మనిషి సగమయ్యాడు. అయినా అందరికీ దణ్ణం పెట్టాడు.

జకరయ్య గారు మర్యాదగా మొదలెట్టారు. తెలుగువాళ్ళం వెళ్ళేటప్పుడు వస్తానంటాం, అది మా అలవాటు, అందులో వాగ్దానం లేదు అని.

"నాకు తెలియదనుకున్నారా?" అన్నారావిడ. "మా ఇంట్లోనూ అలాగే అంటాం. కానీ మాట వెనక మనసులో ఏముందో చూస్తూ కూర్చుంటే చట్టం నడవదండి. పలికిన మాట పలికినట్టు తీసుకోవాలి. అందరికీ ఒకటే కొలత."

చూశారా ఎంత చక్కగా చెప్పిందో. తెలియక చేస్తే పోనీ అనుకోవచ్చు. తెలిసి చేస్తున్నారు.

జకరయ్య గారు ఇంకో మాట అడిగారు. "సరేనమ్మా, వస్తానన్నాడు. మర్నాడు అదే బండిలో అదే స్తంభం దగ్గరికి వచ్చాడు కదా. మాట నిలబెట్టుకున్నట్టే కదా."

"అప్పుడు తూనీగ ఆపింది కనుక ఆగాడు. ఆపితే ఆగినవాడు వచ్చినట్టు కాదు. తనంతట తాను వచ్చి స్తంభం ముందు నిలబడి, మాట ప్రకారం వచ్చాను అని చెప్పుకోవాలి. నియమంలో స్పష్టంగా ఉంది."

తర్వాత ఆవిడ గొంతు మెత్తబరచి బావతో అన్నారు, ఒక దారుందని. రావాలన్న ఉద్దేశం లేకుండానే వస్తానని అబద్ధమాడాను, ఇకపై వెళ్ళేటప్పుడు వెళ్ళిపోతున్నాను అనే అంటాను అని స్తంభం ఎదుట ఒప్పుకుంటే వదిలేస్తారట. ఒప్పుకోకపోతే వచ్చే బుధవారం నిషేధం.

నేను బావకి సైగ చేశాను, అనెయ్యమని. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఒక్క మాటకేముంది అనుకున్నాను.

బావ చేతులు కట్టుకుని అన్నాడు. "అబద్ధం కాదండి. వద్దామనేనండి అన్నాను. రోజూ మా ఆవిడతో కూడా అదే సెప్పి బయల్దేరతానండి. ఇప్పుడది అబద్ధమని ఒప్పుకుంటే, దానికి సెప్పింది కూడా అబద్ధమైపోద్ది కదండి."

హైమవతి గారు కాగితాలు సర్దుకున్నారు. నేను లేచి అడగాల్సిందంతా అడిగేశాను. ఏమడిగానో ఇక్కడ రాయొద్దని జకరయ్య గారు అంటున్నారు. నన్ను బయటికి పంపేశారు.

శనివారం

రెండు రాత్రులు నిద్ర లేదు. ఆవిడ అన్న మాటే చెవుల్లో తిరిగింది. ఆపితే ఆగినవాడు వచ్చినట్టు కాదు. పొద్దున్నే జకరయ్య గారింటికి పోయి అడిగాను, "మరి ఎవరైనా తనంతట తాను వస్తే వాళ్ళేం చెయ్యాలండి?"

ఆయన నియమం తీసి చదివారు. మాట నిలబెట్టుకోవడానికి వచ్చినవాడిని కూర్చోబెట్టి వాంగ్మూలం తీసుకోవాలి. పూర్తయ్యేదాకా ఆ స్తంభం ఇంకో బండిని వదలకూడదు. చదువుతూ చదువుతూ ఆయన ఆగిపోయారు. నా మొహంలోకి చూశారు. పెద్దాయన, నేనెప్పుడూ ఆయన అలా నవ్వడం చూడలేదు.

రేవంతా తిరిగాను. వస్తానని అననివాడు మా ఊళ్ళో ఎవడున్నాడు, నేను తప్ప? తాతబ్బాయి తర్వాత వంతు మీదేనని చెప్పాను. సగం మంది భయంతో వచ్చారు, సగం మంది కోపంతో వచ్చారు. ఏదైతేనేం, వచ్చారు. చేపల బుట్టల ఆడాళ్ళు, వలలు కుట్టేవాళ్ళు, ఐసు బళ్ళవాళ్ళు, అందరూ నడిచి కట్టెక్కారు. బళ్ళు లేవు కనుక తూనీగలకి వాలడానికి ఏమీ దొరక్క పైన గిరగిరా తిరిగాయి.

మొదట బుట్టల పెద్దమ్మ ఒకావిడ స్తంభం ముందు చతికిలబడింది. "వత్తానన్నాను కదమ్మా, వచ్చాను. ఏంటి సంగతులు?"

"మీరు దేనికి వచ్చారో వివరించండి" అంది మర్యాదమ్మ.

"నువ్వు రమ్మన్నావంట కదా."

"నేను రమ్మనలేదండి. మీరు వస్తానన్నారండి."

"అన్నాను. అందుకే వచ్చాను. మీ ఇంట్లో అందరూ కులాసానా?"

ఇలా ఒక్కొక్కరిది అరగంట. వాంగ్మూలం అయ్యాక పెద్దమ్మ లేచి బుట్ట సర్దుకుని, "మరి వత్తానే" అంది. నమోదైందండి అంది మర్యాదమ్మ. పెద్దమ్మ వెళ్ళి వరస చివర నిలబడింది.

మధ్యాహ్నానికి ఎగుమతి కంపెనీ ఏసీ లారీలు కట్ట పొడుగునా ఆగిపోయాయి. మా ఐసు కరిగినన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. మోటార్లు ఆగి కంపెనీ రొయ్యలు వాసన కొట్టడం మొదలయ్యేసరికి రాజధాని దాకా ఫోన్లు మోగాయి. పళ్ళంరాజు గదిలోంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి పోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

అక్క కూడా వచ్చింది. వరసలో నిలబడలేదు. ఓ పక్కన కూర్చుని ఠాణా వైపే చూసింది.

సోమవారం

ఆదివారమంతా కూడా వదల్లేదు. ఇవాళ హైమవతి గారు కట్ట మీదికే వచ్చి ఉత్తర్వు చదివారు. ఇకపై ప్రయాణికులు వస్తాను అన్న మాటను వాగ్దానంగా తీసుకోరట. ఆ మాట మీద పెట్టిన కేసులన్నీ రద్దు, తాతబ్బాయి విడుదల.

జనం ఒక్కసారిగా ఈలలు వేశారు, బుట్టలు ఎగరేశారు. ఆ గోలలో ఆవిడ చదివిన రెండో సగం చాలామందికి వినిపించలేదు. నేను ముందు నిలబడ్డాను కనుక విన్నాను. అది అయోమయానికి తావిచ్చే మాట కనుక, ఇకపై తూనీగ వినికిడి మేర ఆ మాటను ఏ రూపంలోనూ ఎవరూ పలకరాదట. వస్తాను, వస్తాం, వస్తాడు, వస్తారు, ఏదీ. పలికితే దారి నిషేధం. విచారణ ఉండదు.

"వినికిడి మేర అంటే ఎందాకా అండి?" అన్నాను.

"కట్టా, కట్ట వెంబడి ఇళ్ళూ" అన్నారావిడ. ఈసారి నా కళ్ళలోకి చూడలేదు.

మాకున్న ఇళ్ళన్నీ కట్ట వెంబడివే. మిగతా ఊరు సముద్రంలో ఉంది.

"బావ బయటికొచ్చాడు, అది చాలనుకో రత్నమ్మా. గెలిచినట్టే" అన్నారు జకరయ్య గారు. ఆయన మంచివారు, ఆయన్ని ఏమీ అనకూడదు. కానీ ఏం గెలిచామండి? నిన్నటిదాకా మా మాటకి అర్థం వాళ్ళు చెప్పారు. ఇవాళ మాటే లాక్కున్నారు. లాక్కుని, దానికి మా చేతే చప్పట్లు కొట్టించుకున్నారు. వరద ఏడాది కొట్టాం, మళ్ళీ ఇప్పుడు కొట్టాం. మాకు బుద్ధి లేదు.

బావ జీపు దిగి నడిచొచ్చాడు. అక్క నీళ్ళిచ్చింది. తాగి, గ్లాసు తిరిగిచ్చి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఏం పెట్టారని అడిగితే తలూపాడు. కొట్టారా అంటే లేదని తలూపాడు. ఆయన నోట ఒక్క మాట రాలేదు.

మంగళవారం

పొద్దున్న బండి తీసుకుని అక్కావాళ్ళ గుమ్మం ముందు ఆపాను. బావ పనిలోకి వస్తానని నాతో చెప్పలేదు, తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చాడు, అంతే. ఇంటి చూరు మీద తూనీగ వాలి ఉంది. ఇదివరకు ఇళ్ళ మీద వాలేవి కావు.

అక్క గుమ్మంలో నిలబడింది. బావ చెప్పులు వేసుకున్నాడు. అక్క మొహం చూశాడు. నోరు తెరిచాడు. చూరు వైపు చూసి మళ్ళీ మూసేశాడు. వంగి చెప్పు సరిచేసుకుంటున్నట్టు కాసేపు ఉన్నాడు. తర్వాత లేచి బండి వైపు నడిచాడు.

పెళ్ళయిన నాటి నుంచి ఆ మనిషి ఆ మాట చెప్పకుండా గడప దాటలేదు. లాకప్పులో నిషేధం వేస్తామని బెదిరించినా ఆ మాటను అబద్ధమననివాడు, సొంత గుమ్మంలో పెళ్ళానికి చెప్పుకోలేక, దొంగలా తల దించుకుని బండెక్కాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. బూతులన్నీ గొంతు దాకా వచ్చాయి గానీ, ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

బండి స్టార్టు చేశాను. అప్పుడు అక్క గడప దిగింది. మా అక్క గట్టిగా మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. నడుచుకుంటూ వచ్చి, చూరు కింద నిలబడి, తలెత్తి తూనీగను చూసింది.

"ఆయన వత్తాడు" అంది. "ఆయన సెప్పలేదు, నేను సెప్తన్నాను. సాయంత్రానికి మా ఆయన ఇంటికి వత్తాడు. రాసుకో."

వీధంతా ఆగిపోయింది. పక్కింటి తలుపులు తెరుచుకున్నాయి. బావ బండిలోంచి సగం లేచి, "వేణీ, వద్దే" అన్నాడు.

"నిషేధించిన మాట పలికారండి" అంది మర్యాదమ్మ, ఈసారి తూనీగలోంచే, అదే తేనె గొంతుతో. "మీ పేరు చెప్పండి."

అక్క వెనక్కి తగ్గలేదు. కొంగు నడుముకి చుట్టుకుంది.

"ఒలిశెట్టి వీరవేణి. ఒలిశెట్టి తాతబ్బాయి పెళ్ళాన్ని. ఇల్లు ఇదే, నీ కింద ఉన్నదే."

నమోదైందండి అని వినిపించింది. కట్ట మీంచి పళ్ళంరాజు జీపు మా వీధిలోకి తిరగడం కనిపించింది. నేను మోటారు ఆపేసి, బండి దిగి, వెళ్ళి అక్క పక్కన నిలబడ్డాను. ఎదురింటి ఆవిడ కూడా గుమ్మం దిగింది.